ల్యాప్‌టాప్ పంపారు సరే, కుర్చీ ఏదండీ?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంటి నుంచి ఉద్యోగం చేసే ఆడవాళ్ల గురించి వేసిన వ్యాసం చదివాను. వ్యాసంతో నాకు పేచీ లేదు. హాస్టల్ ఖర్చులు మిగులుతున్నాయనీ, పిల్లలు కళ్లెదుటే పెరుగుతున్నారనీ, తెనాలి, భీమవరం లాంటి ఊళ్లలో ఉంటూ హైదరాబాద్ జీతం తీసుకోవచ్చనీ రాశారు. అన్నీ నిజమే. నేనూ ఆ బాపతే. నా పేచీ అంతా ఆ వ్యాసం పైన వేసిన ఫోటోతో.

అందులో ఒకమ్మాయి మంచం మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. వెనక తెల్లటి దిండ్లు. ఒళ్లో ల్యాప్‌టాప్. పక్కన దుప్పటి మీదే కాఫీ కప్పు. (అది ఒలికితే ఉతికేదెవరో!) మెడ వంచి స్క్రీన్‌లోకి చూస్తూ నవ్వుతోంది. నేను సరిగ్గా అలాగే, ఆ నవ్వు తప్ప మిగతాదంతా అచ్చు అలాగే, దాదాపు మూడేళ్లు పనిచేశాను. తర్వాత ఏమైందో చెబుదామనే ఈ ఉత్తరం. పొడుగు ఎక్కువైతే ఎక్కడైనా కత్తిరించండి గానీ, బల్ల కాళ్ల సంగతి మాత్రం ఉంచండి.

నాకు 36 ఏళ్లు. ఇంగ్లండ్‌లో కార్లకు యాక్సిడెంట్లు అయితే వాళ్లు పెట్టుకునే ఇన్సూరెన్స్ క్లెయిముల కాగితాలు చూసి, లెక్కలు సరిచూసి, ఫైలు ముందుకు జరపడం నా పని. కంపెనీ పేరు రాయను. మధ్యాహ్నం ఒకటిన్నరకి లాగిన్, రాత్రి పదిన్నరకి లాగౌట్. అక్టోబర్ ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆ మర్నాటి నుంచి మాకు రెండున్నర టు పదకొండున్నర. మళ్లీ మార్చి ఆఖరి ఆదివారం దాకా అంతే. వాళ్లకి చలికాలం వస్తే మా ఇంట్లో భోజనాల వేళ మారుతుంది.

2020 మార్చి వరకు గచ్చిబౌలిలో ఆఫీసుకి వెళ్లేదాన్ని. అక్కడ కుర్చీ కింద లివర్ ఉండేది. ఏడాదికోసారి ఒకావిడ వచ్చి, ఒక్కొక్కరి వెనకా నిలబడి, కుర్చీ ఎత్తూ స్క్రీన్ ఎత్తూ సరిచేసి, పొట్టివాళ్లకి కాళ్ల కింద పెట్టుకునే నల్లటి ఫుట్‌రెస్ట్ ఇచ్చి వెళ్లేది. నాది అయిదడుగుల ఒక అంగుళం. నాకూ ఇచ్చింది. ఆవిడ వస్తుంటే విసుక్కునేవాళ్లం, ‘ఎలా కూర్చోవాలో కూడా క్లాసు పీకుతారా’ అని. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ ముందు శుక్రవారం ల్యాప్‌టాప్, ఛార్జరు చేతిలో పెట్టి, సంతకం పెట్టించుకుని మమ్మల్ని ఇళ్లకి పంపారు. కుర్చీ, ఆ నల్లటి పెట్టె అక్కడే ఉండిపోయాయి. రెండు వారాలే కదా అనుకున్నాం.

మంచం మీద ఎందుకు, ఇంట్లో బల్ల లేదా అంటారేమో. మాది మారీసుపేటలో రెండు గదులు, హాలు, వంటిల్లు ఉన్న ఇల్లు. ఏసీ ఉన్నది ఒక్క పడకగదిలోనే. మే నెలలో తెనాలిలో మధ్యాహ్నం ఒకటిన్నరకి హాల్లో ఫ్యాన్ కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే, పైనుంచి స్లాబు వేడి, కింద నుంచి మిషన్ వేడి. పోనీ ఓర్చుకుందామంటే అదే హాల్లో అత్తయ్య సీరియల్. ఒకసారి కాల్‌లో ఉండగా ఇంగ్లండ్ ఆవిడ ఆగి, ‘మీ ఇంట్లో ఎవరో ఏడుస్తున్నట్టున్నారు, అంతా బాగానే ఉందా’ అని అడిగింది. ఏడుస్తున్నది సీరియల్లో కోడలు. డైనింగ్ టేబుల్ దగ్గర పెట్టుకుంటే ఎనిమిదింటికి కంచాలు పడతాయి. నా షిఫ్టు అప్పటికింకా రెండున్నర గంటలుంటుంది. అంచేత పడకగది. ఆ గదిలో మంచం పోను మిగిలిన నేల బీరువా తలుపు తెరవడానికి సరిపోతుంది. మా కాలనీలో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఇంకో ముగ్గురున్నారు. అడిగి చూశాను, ముగ్గురూ మంచం మీదే. ఎవరూ బద్ధకించి ఎక్కలేదు. చల్లదనమూ, వేసుకోవడానికి తలుపూ అక్కడే ఉన్నాయి. మంచమెక్కడం అంటే జబ్బు పడటం అన్న అర్థం మన భాషలో ఎప్పటినుంచో ఉంది. నాకు అర్థం కావడానికే టైం పట్టింది.

మొదట నడుం పట్టేసింది. బామ్ రాసుకున్నాను. తర్వాత మెడ దగ్గర్నుంచి కుడి రెక్క కిందికి ఎవరో తాడు వేసి లాగుతున్నట్టు ఉండేది. వేడినీళ్ల సంచి పెట్టుకున్నాను. అత్తయ్య దిష్టి తీసింది. (తగ్గింది కూడా, ఒక పూట.) 2022 వానాకాలంలో అసలుది మొదలైంది. రాత్రి రెండింటప్పుడు కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. చెయ్యి గట్టిగా విదిలిస్తే కాసేపటికి స్పర్శ వచ్చేది. చీకట్లో కూర్చుని అలా విదిలిస్తుంటే మా చిన్నవాడు లేచి, ‘అమ్మా, నీళ్లు చల్లుతున్నావేంటి?’ అన్నాడు. కొన్ని నెలలకి ఒక పొద్దున దోసె తిరగేస్తుంటే అట్లకాడ చేతిలోంచి జారి పొయ్యి మీద పడింది. పట్టుకున్నాననే అనుకుంటున్నాను, చెయ్యి మాత్రం పట్టుకోలేదు. ఆ రోజు భయమేసింది.

గుంటూరులో నరాల డాక్టరుకి చూపించాం. మణికట్టుకీ వేళ్లకీ వైర్లు తగిలించి, చిన్న చిన్న షాకులిచ్చి, నరం ఎంత వేగంగా పనిచేస్తోందో కొలిచారు. మణికట్టు లోపల సొరంగం లాంటి ఇరుకు దారి ఒకటుంటుందట. అరచేతికి వెళ్లే నరం అందులోంచే వెళ్లాలి. అక్కడ ఒత్తుకుపోతోంది. కార్పల్ టన్నెల్ అంటారన్నారు. ‘కంప్యూటర్ వల్లేనా సార్?’ అని అడిగాను. ఆయన నేను కోరుకున్న జవాబు ఇవ్వలేదు. ఇది మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువనీ, థైరాయిడ్, షుగర్, గర్భం ఏదైనా కారణం కావచ్చనీ, టైపింగ్ ఒక్కదాని మీదే తోసెయ్యలేమనీ చెప్పారు. కాకపోతే మణికట్టు పైకి వంచిపెట్టి గంటల తరబడి ఉంచినా, గట్టి అంచు మీద ఆనించినా ఉన్నది ముదురుతుందన్నారు. ల్యాప్‌టాప్ అంచు మీద చెయ్యి ఎలా ఆనుతుందో ఆయన ముందే బల్ల మీద పెట్టి చూపించాను. మణికట్టు మడత దగ్గర సన్నగా అడ్డంగా ఒక నల్లటి గీత పడి ఉంది. గాజు రాసుకుని పడిందేమో అనుకుంటూ వచ్చాను అన్నాళ్లూ.

థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించాం. రెండూ మామూలే. ఆపరేషన్ దాకా వెళ్లక్కర్లేదు, రాత్రిళ్లు మణికట్టుకి పట్టీ కట్టుకుని పడుకోండి అన్నారు. అక్కడే ఫిజియోథెరపీ అమ్మాయి మెడకి, భుజాలకి వ్యాయామాలు నేర్పి, ఇంకో మాట చెప్పింది: ‘అరగంటకోసారి లేవండి మేడం. లేచి ఏం చేసినా పర్లేదు, లేవడమే ముఖ్యం.’

ఆ మాటే మా కంపెనీ వాళ్లు కూడా చెబుతారు. నెలకోసారి ఈమెయిల్ వస్తుంది, పచ్చటి ఆకుల బొమ్మలతో. నీళ్లు తాగండి, లేచి నాలుగడుగులు వేయండి, మీ ఆరోగ్యమే మా సంపద. బాగానే ఉంది. కానీ అదే ల్యాప్‌టాప్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. మౌసు అయిదు నిమిషాలు కదలకపోతే నా పేరు పక్కన పచ్చ చుక్క పసుపు అవుతుంది. పసుపు నిమిషాలన్నీ కూడి వారం చివర టీమ్ లీడ్‌కి రిపోర్టు వెళుతుంది. నడుస్తున్న కాళ్లకి మౌసు లేదు కదా! మా టీమ్‌లో ఒకబ్బాయి మౌసుని గోడ గడియారం అద్దం మీద పెట్టి బాత్రూమ్‌కి వెళ్లొచ్చేవాడు, కింద సెకన్ల ముల్లు కదులుతుంటే మౌసు కూడా కదిలినట్టు లెక్క. నాకు అంత తెలివి లేదు. నేను మంచినీళ్ల సీసా పక్కనే పెట్టుకుని, నీళ్లు మాత్రం తక్కువ తాగేదాన్ని. ఎందుకో ఆడవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఓ ఏడాది జూన్ 21న యోగా దినోత్సవం అని ఎక్కువసేపు కూర్చోవడం వల్ల వచ్చే అనర్థాల మీద ఆన్‌లైన్ ప్రసంగం పెట్టారు. గంటన్నర. కూర్చునే విన్నాం. మధ్యలో లేస్తే అటెండెన్స్ పోతుంది.

ఇక బల్ల సంగతి.

మా నాన్న బాపట్లలో టైలరు. నలభై ఏళ్ల పైనే అయింది షాపు పెట్టి. 2023 సంక్రాంతికి మా ఇంటికొచ్చాడు. పండగ మనకే గానీ ఇంగ్లండ్ వాళ్లకి కాదు కాబట్టి కనుమ నాడు నాకు షిఫ్టు ఉంది. డాక్టరు చెప్పాక మంచం దిగి, అత్తగారింటి పాత టేకు బల్లని హాల్లో ఓ మూలకి లాగించుకుని, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పనిచేస్తున్నాను. ఇక అంతా సరిపోయిందనే అనుకున్నాను. నాన్న గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. నేను కాల్‌లో ఉన్నానని ఏమీ అనలేదు. కాల్ అవగానే దగ్గరికొచ్చి, ‘భుజాలు చెవుల దగ్గరికి ఎందుకు ఎగదీసుకు కూర్చున్నావమ్మా, ఎవరైనా కొడతారనా?’ అన్నాడు. నేను ఎగదీశానని నాకు తెలియదు. దించాను. మళ్లీ టైపింగ్ మొదలుపెట్టగానే అవే పైకెక్కాయి. నాన్న మెడలోంచి టేపు తీశాడు. పండగపూట కొత్త చొక్కా మీద కూడా టేపు వేసుకునే ఉంటాడు, అది లేకపోతే ఆయనకి తోచదు.

నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలిచాడు. 15 ఇంచీలు. కుర్చీ కొలిచాడు. 17. ‘అందుకే నీ మడమలు గాల్లో ఉన్నాయి’ అన్నాడు. చెయ్యి మడిచి పక్కకి వేలాడేయమని, కుర్చీ మీది నుంచి మోచేయి కింద దాకా కొలిచాడు. 8. అంటే నేల నుంచి నా మోచేయి 25. బల్ల కొలిచాడు. 30. రెండుసార్లు కొలిచాడు. బట్ట కత్తిరించేముందు అలాగే చేస్తాడు.

‘అయిదించీలు తేడా అమ్మా. అయిదించీల తేడాతో జాకెట్టు కుడితే నన్ను ఊళ్లో ఉండనిస్తారా?’

తర్వాత ల్యాప్‌టాప్ వైపు చూసి ఒక మాటన్నాడు. ఇంతవరకు నేను చదివిన ఏ ఈమెయిల్లోనూ అంత సూటిగా లేదు. ‘చూసే చోటూ, కొట్టే చోటూ ఒకదానికొకటి కుట్టేసి ఉన్నాయి దీనికి. ఎత్తులో పెడితే చేతులకి చెరుపు, కింద పెడితే మెడకి చెరుపు. కుట్లు విప్పాలి ముందు.’ ల్యాప్‌టాప్ అనే వస్తువుతో ఉన్న అసలు తంటా అదే. దాన్ని ఎక్కడ పెట్టినా ఒంట్లో ఏదో ఒక భాగం నష్టపోవాల్సిందే. విడిగా కీబోర్డూ మౌసూ కొనుక్కుంటే గానీ ఆ కుట్లు విడవు. రెండూ కలిపి 900 రూపాయలకి బోసురోడ్డులో దొరికాయి. మూడేళ్లు బామ్ సీసాలకి ఎంత పెట్టానో లెక్క వేయలేదు.

మర్నాడు నాన్న వడ్రంగిని పిలుచుకొచ్చాడు. టేకు బల్ల నాలుగు కాళ్లూ నాలుగున్నర ఇంచీల మేర కోయాలన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అది మా మామయ్యగారి నాన్నగారు చేయించిన బల్ల. ‘బంగారం లాంటి టేకు, రంపం పెడతారా అన్నయ్యగారూ!’ అంది. నాన్న ఏం వాదించలేదు. ‘చెల్లెమ్మా, ఒక్కసారి ఇలా కూర్చో’ అని కుర్చీలో కూర్చోబెట్టి, కీబోర్డు మీద చేతులు పెట్టమన్నాడు. అత్తయ్య నాకంటే రెండంగుళాలు పొట్టి. ఆవిడ భుజాలు నావాటి కంటే పైకి లేచాయి. పది నిమిషాలు అలాగే ఉంచాడు. కబుర్లు చెబుతూనే ఉన్నాడు, బాపట్లలో ఎవరి పెళ్లి, ఎవరి గృహప్రవేశం అని. పది నిమిషాలయ్యాక అత్తయ్య మెడ తిప్పుకుంటూ లేచి, ‘సరే కోయండి, కానీ ఆ ముక్కలు పారేయకండి’ అంది.

పారేయలేదు. ఆ నాలుగు టేకు ముక్కలూ ఇప్పుడు నా ల్యాప్‌టాప్ కింద ఉన్నాయి. బల్లకి ఎక్కువైన ఎత్తే స్క్రీన్‌కి పనికొచ్చింది. అది కూడా చాలలేదని ముక్కల కింద మా తమ్ముడి గ్రూప్స్ పుస్తకాలు రెండు పెట్టాం. అవి చదివి వాడికి ఉద్యోగం రాలేదు గానీ, స్క్రీన్ పై అంచు సరిగ్గా నా కళ్లకి సమంగా వచ్చింది. కాళ్ల కింద వంటింటి పీట, రెండించీలది. అంతే, ఖర్చు వడ్రంగికి 400.

నాన్న ఇంకో సంగతి కూడా పట్టుకున్నాడు. సాయంత్రం దాకా నన్ను చూసి, ‘మీ పనిలో లేవాల్సిన పనే లేదేంటమ్మా?’ అని ఆశ్చర్యపోయాడు. టైలరు కూడా వంగి కూర్చునే పనే కదా అన్నాను. కాదన్నాడు. కటింగ్ నిలబడే చేయాలి, ఆ బల్ల నడుము ఎత్తుంటుంది. కుట్టడానికి కూర్చోవాలి. కొలతలివ్వడానికి మనిషి వస్తే లేవాలి. ఇస్త్రీ నిలబడి. దారం రంగు కలవకపోతే ఎదురు షాపుకి వెళ్లాలి. ఆఫీసులో మాకూ అలాంటివి ఉండేవి, మేం లెక్కలోకి తీసుకోలేదంతే. బస్టాపుకి నడవడం, మెట్లు, క్యాంటీన్, మీటింగ్ గది, పక్క ఫ్లోర్‌లో స్నేహితురాలు. ఇప్పుడు మీటింగ్ నుంచి మీటింగ్‌కి వెళ్లాలంటే ఒక కిటికీ మూసి ఇంకోటి తెరిస్తే చాలు.

అలాగని నాన్న ఒళ్లు బాగుందని కాదు. నలభై ఏళ్లు సూది వైపు చూసి చూసి మెడ ముందుకి వంగిపోయింది, ఫోటోల్లో ఎప్పుడూ నేల మీద ఏదో వెతుకుతున్నట్టు పడతాడు. అమ్మ ఆ షాపు హుక్కులూ, చేతి కాజాలూ, హెమ్మింగూ ఇంట్లో గోడకి చేరగిలబడి కుట్టేది, ఒళ్లో దిండు పెట్టుకుని. నరసాపురంలో లేసు అల్లేవాళ్లూ, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టేవాళ్లూ అంతే కదా. వర్క్ ఫ్రం హోమ్ 2020లో వచ్చిందని మీ వ్యాసంలో రాశారు. మా అమ్మని అడిగితే నవ్వుతుంది. ఆవిడ నడుం నొప్పిని మేమెవరం జబ్బు అనుకోలేదు, వయసు అనుకున్నాం. అప్పుడు ఆవిడకి ఇప్పటి నా వయసే.

కుర్చీ గురించి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. మా ఫ్లోర్ ఖాళీ చేసేస్తున్నారని అప్పటికే తెలుసు. అక్కడున్న కుర్చీలు ఊరికే పోతాయి కదా, మాకు ఇవ్వండి, లారీ కిరాయి మేమే పెట్టుకుంటాం అని రాశాను. జవాబు వచ్చింది. ల్యాప్‌టాప్ అనేది ఉద్యోగికి ఇచ్చే ‘అసెట్’ అట. కుర్చీ మాత్రం ఆఫీసు ‘ఫెసిలిటీ’ అట. అసెట్ అయితే మనిషి వెంట వెళుతుంది, ఫెసిలిటీ బిల్డింగ్‌తో ఉండిపోతుంది. ఆ తర్వాత హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లినప్పుడు ఒక సెకండ్ హ్యాండ్ ఫర్నిచర్ షాపు ముందు చూశాను, నీలం రంగు మెష్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి, ఫస్ట్ ఫ్లోర్ కిటికీ దాకా. మావేనని అనను. రంగు మాత్రం అదే. 3,500 చెప్పాడు. 3,000కి ఇచ్చాడు. పార్శిల్ లారీలో వేయించుకున్నాను. లివర్ ఆఖరికంటా దించినా అదీ 17 ఇంచీలే, పీట తప్పలేదు. అయినా వీపుకి ఆసరా ఉంది. ఆ కుర్చీ ఎవరి లెక్కన చేశారో గానీ, అయిదడుగుల ఆడమనిషిని పక్కన పెట్టుకుని మాత్రం చేసినట్టు లేదు.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి దండగ. నాతో ఒకే ఫైలు మీద పనిచేసే ఆవిడ ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఊళ్లో ఉంటుంది, తనూ ఇంటి నుంచే. ఒకరోజు విసుక్కుంటూ, ఆఫీసు వాళ్లు ఫారం పంపారు, నింపలేక చస్తున్నాను అంది. ఏం ఫారం అన్నాను. కుర్చీ ఎత్తు మారుతుందా, పాదాలు నేలకి ఆనుతున్నాయా, స్క్రీన్ మీద వెలుగు పడుతోందా, మణికట్టుకి ఆసరా ఉందా, ఇవట. వాళ్ల దేశంలో స్క్రీన్ ముందు పనిచేసేవాళ్ల కోసం 1992 నుంచే నిబంధనలున్నాయి, ఇంట్లో కూర్చుని చేసేవాళ్లకీ అవి వర్తిస్తాయి. తేడా వస్తే సరిచేయాల్సింది కంపెనీ. మాకూ ఆ నెలలోనే ఒక ఫారం వచ్చింది. నెట్ స్పీడ్ ఎంత, ఇన్వర్టర్ ఎన్ని గంటలొస్తుంది, గదికి తలుపుందా, కాల్‌లో కుక్కల అరుపులు వినిపిస్తాయా అని. ఫైలు ఒకటే, క్లెయిము ఒకటే, చివరికి లాభం చేరే చోటూ ఒకటే. మెడలు మాత్రం వేరు వేరు ధర.

మన దగ్గర చట్టం లేదని కాదు. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020లో చేశారు, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పనిచేసే చోట దెబ్బలు, జబ్బులు తెచ్చే ప్రమాదాలు లేకుండా చూసే బాధ్యత యజమానిదే అని అందులో ఉంది. నలభై దాటిన వాళ్లకి ఏటా ఉచితంగా వైద్య పరీక్షలని కూడా ప్రభుత్వం చెప్పింది. నేనింకా నాలుగేళ్లు ఆగాలి. కోడ్ చివర, పని వల్ల వస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల పట్టిక ఉంటే చూశాను. సీసం విషం ఉంది, సిలికోసిస్ ఉంది, చప్పుడు వల్ల చెవుడు ఉంది. మణికట్టు గురించి గానీ మెడ గురించి గానీ నాకు ఎక్కడా కనిపించలేదు. నా సందేహం ఇంకా చిన్నది. పనిచేసే చోటు అంటే ఏది? మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా మా హాల్లో ఆ మూల కంపెనీదా, మాదా? పసుపు చుక్క లెక్కలకి అది కంపెనీదే. కుర్చీ దగ్గరికొచ్చేసరికి మాదైపోతుంది.

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు 2025 ఫిబ్రవరి 11న, మహిళలు, బాలికల సైన్స్ దినోత్సవం నాడు, ఆడవాళ్లకి ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. ఐటీ, జీసీసీ (విదేశీ కంపెనీలు తమ పనుల కోసం ఇక్కడ పెట్టుకునే కేంద్రాలు) పాలసీ కింద పట్టణాల్లో, మండలాల్లో కూడా పనిచేసుకునే స్థలాలు వస్తాయన్నారు. రావాలి. ఇంటికి నాలుగు వీధుల అవతల ఏసీ గది, మంచి కుర్చీ ఉంటే నేనే ముందు వెళతాను, ఆ నాలుగు వీధులూ నడిచినట్టూ ఉంటుంది. ఒక్క మనవి. అక్కడ వేసే కుర్చీలకి టెండర్ పిలిచేముందు ఎవరైనా ఒక టేపు తీసుకుని, మన ఊళ్లలో ఆడవాళ్ల మోకాలి ఎత్తు కొలవండి. మా నాన్న ఫ్రీగా కొలిచి పెడతానన్నాడు. హాస్యానికి అనలేదు.

కంపెనీలనైతే పెద్దగా ఏమీ అడగడం లేదు. ల్యాప్‌టాప్ పంపే పెట్టెలోనే విడి కీబోర్డు ఒకటి పెట్టండి. ఖాళీ చేసిన ఆఫీసు కుర్చీలు అమ్ముకునేముందు, వాటిలో కూర్చున్నవాళ్లని ఒకమాట అడగండి. గంటకి పది పసుపు నిమిషాలు లెక్కలోంచి తీసేయండి. పచ్చటి ఆకుల మెయిల్ మానేసినా పర్లేదు.

నాకు ఇప్పుడెలా ఉందంటారా? రాత్రి తిమ్మిరి రోజూ రావడం పోయి, నెలకి రెండు మూడుసార్లకి తగ్గింది. భుజాలు కిందికి దిగాయి. నడుం మాత్రం మాట వినడం లేదు, మూడేళ్ల మంచం బాకీ ఇంకా తీరలేదేమో. పట్టీ కట్టుకునే పడుకుంటున్నాను. అట్లకాడ మళ్లీ జారలేదు.

చివరగా మీ ఫోటో గురించి. ఆదివారం నాన్నకి ఫోన్లో పంపాను. పెద్దది చేసి చూసి, ‘ఈ పిల్లని ఇలా ఎంతసేపు కూర్చోబెట్టారో కనుక్కో’ అన్నాడు. అయిదు నిమిషాలో, పది నిమిషాలో అయ్యుంటుందన్నాను. ‘అందుకే నవ్వుతోంది’ అన్నాడు. మీ ఫోటోగ్రాఫర్‌ని అడిగి ఆ సంగతి తెలియజేస్తే ఆయనకి చెబుతాను.

పేరు వేయవద్దని మనవి. మా టీమ్ లీడ్‌కి తెలుగొచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారీసుపేట, తెనాలి.